సోమవారం ఎసరు

ఈ రోజు హాజరు 38. తలకు 100 గ్రాముల లెక్కన 3 కిలోల 800 గ్రాముల బియ్యమని రిజిస్టరులో రాశాను. వంటమ్మ మాత్రం ఇంకో రెండు దోసిళ్ళు చేటలో పోసుకుని, "సోమవారం కదా టీచరుగారూ" అంది. నేను చూడనట్టు సుద్దముక్కల డబ్బా వెతుక్కున్నాను.

శనివారం బడిలో తిన్నాక మళ్ళీ ఇక్కడి కంచం ముందు కూర్చునేది సోమవారమే. శుక్రవారం సాంబారులో వంకాయ ముక్కలు ఏరి పారేసే పిల్లలే ఈ రోజు కంచాన్ని వేలితో తుడిచి నాకారు. పలాసలో జీడి పని నిండుగా ఉన్న నెలల్లో ఇంత తేడా కనబడదు. ఇప్పుడు వారానికి మూడు రోజులే పిలుస్తున్నారట.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యం ఇంటికి ఇచ్చేవాళ్ళం. అది ఇంటిల్లిపాదీ పంచుకునేవారు, పిల్లవాడి వంతు ఎంతో దేవుడికే తెలియాలి. 2003 జనవరి నుంచి బడిలోనే వండి పెడుతున్నాం. పొగ, గిన్నెల చప్పుడు, పాఠం మధ్యలో పోపు వాసన. విసుక్కుంటాను గాని, ఇదే మేలు. సన్నబియ్యం వచ్చాక అన్నం ముద్ద కట్టడం కూడా తగ్గింది.

భోజనాలయ్యాక రెండో తరగతి పిల్లవాడి తల్లి ఖాళీ సంచితో వచ్చింది. మనిషికి 5 కిలోల చొప్పున నలుగురికి 20 కిలోలు రావాలి. రేషన్ డిపోలో యంత్రం వేలిముద్ర తీసుకోలేదట.

"మీ ఆయన వేలు పెట్టించకపోయావా?"

"పడుతుందండీ. కానీ ఆ వేలు చెన్నైలో ఉంది" అని నవ్వింది.

చేతులు చాపి చూపించింది. ఆముదం రాసుకుని కొట్టినా జీడిపెంకు నూనె ఊరుకోదు. బొటనవేళ్ళు నల్లబడి, పొర లేచి, కింద చర్మం గులకరాయిలా నున్నగా ఉంది.

సచివాలయంలో ఇవ్వడానికి అర్జీ రాసిపెట్టమంది. వేలిముద్ర పడటం లేదు గనుక వేరే దారి చూపించమని అరపేజీ రాశాను. సంతకం చేయమని కలం ఇస్తే మొహమాటపడింది. బడి ముద్ర వేసే స్టాంపు ప్యాడ్ తెరిచి ముందుకు జరిపాను.

కాగితం మీద గుండ్రంగా ఊదారంగు మచ్చ పడింది. అందులో గీత ఒక్కటీ లేదు.

"పాడైపోయింది, మళ్ళీ రాయాలా అండీ?" అంది.

వద్దన్నాను.