వినోద విమానయానానికి చేతి జీపీఎస్: దేన్ని చూసి కొనాలి

డల్లాస్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ, కేవలం ఆసక్తి కొద్దీ ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకుంటున్న మనవాళ్లు ఈ మధ్య కొందరు తారసపడుతున్నారు. లైసెన్సు చేతికి రాగానే వాళ్లు అడిగే ప్రశ్నల్లో ముందుండేది ఏ జీపీఎస్ కొనాలన్నదే. ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవడం నాకు మనస్కరించదు. దుకాణాల వాళ్లు తెర పరిమాణం, మ్యాపుల సంఖ్య, రంగులు చూపించి అమ్ముతారు. విమానం ఎక్కాక మనకు పనికివచ్చే గుణం మరొకటుంది: విమానంలోని విద్యుత్తు పోయినా, టాబ్లెట్ ఆగిపోయినా, ఎండ నేరుగా తెర మీద పడుతున్నా, ఆ పరికరం తన పని తాను చేసుకుపోగలగాలి. ఎంపిక అంతా ఈ ఒక్క పరీక్ష మీదే జరగాలన్నది నా అభిప్రాయం.

నేను రాస్తున్నది అద్దెకు తీసుకున్న సెస్నా 172 లాంటి చిన్న విమానంలో, పగటిపూట, కంటికి నేల కనిపించే వాతావరణంలో ఎగిరేవాళ్ల కోసం. ఇటువంటి ప్రయాణాల్లో చేతి జీపీఎస్‌ను సహాయక సాధనంగా వాడుకోవడానికి అమెరికాలో అభ్యంతరం లేదు. అయితే దానికి ధ్రువీకరణ ఉండదు కనుక, మేఘాల్లో పరికరాల మీదే ఆధారపడి నడిపే ప్రయాణానికి దాన్ని ప్రధాన సాధనంగా లెక్కించరు. అద్దె విమానాల ప్యానెల్‌లో బిగించిన జీపీఎస్ ఉన్నా, దాని డేటాబేస్ గడువు ఎప్పుడో తీరిపోయి ఉండడం సాధారణమే. ఇక కచ్చితత్వం సంగతి తీసుకుంటే, పౌరులకు అందే సంకేతాన్ని కావాలని మసకబార్చే విధానాన్ని అమెరికా ప్రభుత్వం 2000 మే నెలలో ఎత్తివేసింది, 2003లో వాస్ దిద్దుబాటు వ్యవస్థ అమలులోకి వచ్చింది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న ఏ మంచి పరికరమైనా మన అవసరానికి మించినంత కచ్చితంగానే స్థానం చూపిస్తుంది కాబట్టి, ఆ అంశంలో పోల్చి చూడవలసింది పెద్దగా లేదు.

చాలామంది ఐప్యాడ్‌తో మొదలుపెడతారు, అది సరైన నిర్ణయమే. మోకాలి మీదో యోక్ (విమానాన్ని నడిపే చేతి చక్రం) మీదో ఐప్యాడ్ మినీ చక్కగా ఇముడుతుంది; అందులో ఫోర్‌ఫ్లైట్ గానీ గార్మిన్ పైలట్ గానీ, ఏదో ఒక యాప్ వేసుకుంటే సెక్షనల్ చార్టులు (పైలట్లు వాడే మ్యాపులు), విమానాశ్రయాల వివరాలు, తాత్కాలిక ఆంక్షల హద్దులు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఫోర్‌ఫ్లైట్ ఆపిల్ పరికరాల్లో మాత్రమే నడుస్తుంది, గార్మిన్ పైలట్ ఆండ్రాయిడ్‌లో కూడా దొరుకుతుంది. కొనేటప్పుడు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు. సెల్యులార్ మోడల్‌లోనే ఉంటుంది. సిమ్ వేయనవసరం లేదు, నెలనెలా బిల్లు కట్టనవసరం లేదు, చిప్ కోసమే ఆ మోడల్ తీసుకోవాలి. వైఫై మోడల్ ఇప్పటికే ఇంట్లో ఉంటే బయటి రిసీవర్‌ను బ్లూటూత్‌తో కలుపుకోవచ్చు.

ఐప్యాడ్‌కు ఉన్న బలహీనత వేడి. 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య పరిసరాల్లో వాడమని ఆపిల్ చెబుతుంది. టెక్సాస్‌లో జూలై మధ్యాహ్నం బయటే 38 డిగ్రీలు దాటే రోజులు తరచుగా వస్తాయి. విమానాలు నిలిపే ర్యాంప్ మీద తలుపులు మూసి ఉంచిన విమానం లోపల ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. అటువంటి వేళ విమానాన్ని నేల మీద రన్‌వే వైపు నడుపుతుండగానే తెర వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది, కాసేపటికి మ్యాపు మాయమై, నల్లటి తెర మీద థర్మామీటర్ బొమ్మ, చల్లబడితే గాని వాడలేరన్న సందేశం మిగులుతాయి. కవచం తీసేయడం, గాలి గొట్టం ఎదురుగా బిగించడం, టేకాఫ్ అయ్యేదాకా చార్జింగ్ పెట్టకపోవడం, ఎండ తగలకుండా చూడడం వంటి జాగ్రత్తలు బాగానే పనిచేస్తాయి. అయినా డెంటన్ నుంచి ఫోర్ట్ వర్త్‌కు పడమరగా, దక్షిణానికి సాగుతూ ఫ్రెడ్రిక్స్‌బర్గ్ దాకా, అంటే సెస్నాలో సుమారు రెండు గంటల దారిలో, ఒక పక్క డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయం) చుట్టూ కంట్రోలర్ అనుమతి లేనిదే ప్రవేశించకూడని క్లాస్ బీ గగనతలం, ఆ తర్వాత కిలీన్ దగ్గర ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరం మీది ఆంక్షలున్న గగనతలం ఉన్నప్పుడు, ఎండకు సొమ్మసిల్లే పరికరం ఒక్కదాన్నే నమ్ముకుని బయలుదేరడం నాకు సమ్మతం కాదు.

అందుకే విమానాల కోసమే తయారైన పరికరాలను నేను ఇప్పటికీ గట్టిగా సమర్థిస్తాను. గార్మిన్ ఏరా 660 తెర 5 అంగుళాలు, 2020లో వచ్చిన ఏరా 760 తెర 7 అంగుళాలు. ఇవి ఐప్యాడ్ అంత అందంగా ఉండవు, మెనూలు కొంత పాతకాలపు తీరులో ఉంటాయి, ధర చూస్తే చిన్నదానితోనే మంచి టాబ్లెట్ కొనుక్కోవచ్చు అనిపిస్తుంది. అయితే ఎండలో చదవగలిగేలా చేసిన తెర కాబట్టి నడినెత్తిన సూర్యుడున్నా అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, వేడికి టాబ్లెట్ కంటే బాగా ఓర్చుకుంటాయి, స్విచ్ వేయగానే నేరుగా మ్యాపులోకి వెళతాయి. ఎక్కడి నుంచో నోటిఫికేషన్ రావడం, సరిగ్గా ఆ రోజు ఉదయమే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి యాప్ మొరాయించడం ఉండవు. అద్దె విమానాల్లో ఎగిరేవాళ్లకు 660 చాలు. 760 తెర చూడడానికి హాయిగా ఉంటుంది గాని, సెస్నా యోక్ మీద పెడితే దాని వెనక ఉన్న స్విచ్చులు కొన్ని మరుగున పడతాయి. సొంత విమానం ఉండి, ప్యానెల్ పక్కన స్థిరమైన చోటు దొరికేవాళ్లకు అది తగినది.

తెర గురించి మరో ముక్క. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లగా కనిపిస్తాయి. అదే టాబ్లెట్‌ను నిలువు నుంచి అడ్డానికి తిప్పితే మళ్లీ తెర కనిపించవచ్చు. దుకాణంలో దీపాల కింద చూసి నిర్ణయించకుండా, మీరు ఎగిరేటప్పుడు పెట్టుకునే అద్దాలతోనే ఆరుబయటకు తెచ్చి రెండు దిక్కులా తిప్పి చూడడం మంచిది.

జీపీఎస్‌తో పాటు, విమానాలు తమ స్థానాన్ని చెబుతూ చేసే ఏడీఎస్-బీ ప్రసారాలను అందుకునే రిసీవర్ కొనాలా అన్నది తరవాతి ప్రశ్న. కొనాలనే అంటాను, అయితే అది చూపించేదాన్ని ఎలా చదవాలో తెలుసుకుని కొనాలి. 2020 జనవరి 1 నుంచి అమెరికాలో ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పరికరం) తప్పనిసరి అయిన గగనతలంలో చాలావరకు ఏడీఎస్-బీ ప్రసారం కూడా తప్పనిసరి అయింది. చేతి రిసీవర్ ఆ ప్రసారాలను నేరుగా అందుకుంటుంది. ట్రాన్స్‌పాండర్ మాత్రమే ఉన్న విమానాలను భూమి మీది కేంద్రాలు రాడార్‌తో పట్టి మనకు పంపిస్తాయి గాని, ఆ సమాచారాన్ని ఏడీఎస్-బీ ప్రసారం చేస్తున్న విమానం చుట్టూ 15 నాటికల్ మైళ్ల వ్యాసార్ధంలో, దానికి పైన, కింద 3,500 అడుగుల లోపల ఉన్నవాటి వరకే కూర్చి పంపుతాయి. మన విమానం స్వయంగా ప్రసారం చేయకపోతే మనకు అందేది ఎవరికోసమో తయారైన సమాచారంలో ముక్కలే. విద్యుత్ వ్యవస్థే లేని పాత పైపర్ కబ్‌లు, గ్లైడర్లు ఆ తెర మీద అసలు కనిపించకపోవచ్చు. తెర ఖాళీగా ఉంటే ఆకాశం ఖాళీగా ఉన్నట్లు కాదు, మెడ తిప్పి చూడక తప్పదు.

వాతావరణం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇదే రిసీవర్‌కు భూకేంద్రాల నుంచి ఉచితంగా వచ్చే రాడార్ చిత్రం మీద ఎన్ని నిమిషాల క్రితానిదో రాసి ఉంటుంది. ఆ అంకె చిత్రాన్ని కూర్చిన సమయాన్ని చెబుతుందే గాని, రాడార్ ఆ మేఘాన్ని చూసిన సమయాన్ని చెప్పదు. తెర మీద రాసి ఉన్నదానికంటే అసలు సమాచారం 15 నుంచి 20 నిమిషాలు పాతది కావచ్చని ప్రమాదాలను విచారించే జాతీయ రవాణా భద్రతా బోర్డు, ఎన్‌టీఎస్‌బీ, 2012లో పైలట్లను హెచ్చరించింది. వసంతకాలంలో టెక్సాస్ మీదుగా ఉరుములతో సాగే మేఘాల వరస ఆ ఇరవై నిమిషాల్లో ఎన్నో మైళ్లు జరిగిపోతుంది. కాబట్టి ఆ చిత్రం తుఫానుకు ఏ వైపు నుంచి, ఎంత దూరంగా చుట్టు తిరిగి పోవాలో, లేక ఎక్కడ దిగిపోవాలో ముందుగా నిర్ణయించుకోవడానికి పనికివస్తుంది. రెండు ఎర్ర మచ్చల మధ్య సందు వెతుక్కోవడానికి ఎంతమాత్రం పనికిరాదు. ఈ ప్రసారం కేంద్రానికి అడ్డులేని దూరంలోనే అందుతుంది కాబట్టి చిన్న విమానాశ్రయాల్లో నేల మీద ఉన్నప్పుడు తరచుగా రాదు. నేల మీద కూడా కావాలనుకునేవాళ్లు చందా కట్టి ఉపగ్రహం ద్వారా వచ్చే సిరియస్ ఎక్స్ఎం తీసుకుంటారు. గార్మిన్ జీడీఎల్ 52 రెండింటినీ అందుకుంటుంది. సెంట్రీ రిసీవర్ ఫోర్‌ఫ్లైట్‌తో వాడటానికి చేసినది, అందులో ఇంజిన్ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక కూడా ఉంది. హీటర్ వేసుకుని ఎగిరే చలికాలంలో ఆ ఒక్క హెచ్చరిక కోసమైనా నేను దానికి ఎక్కువ మార్కులు వేస్తాను. ఏ రిసీవర్ ఏ తెరతో కలుస్తుందో డబ్బు కట్టక ముందే తేల్చుకోవాలి.

కొత్తవాళ్లను కలవరపెట్టే సంగతి ఎత్తు. వేసవిలో, గాలి పీడనంతో ఎత్తు కొలిచే ఆల్టీమీటర్ 3,900 అడుగులు చూపిస్తుండగా జీపీఎస్ 4,100 దాటి చూపించవచ్చు, పైన క్లాస్ బీ అంచు 4,000 అడుగుల దగ్గర మొదలవుతుంటే గుండె గుభేలుమంటుంది. వేడి గాలి వ్యాకోచించి ఉంటుంది కాబట్టి, ఆల్టీమీటర్ చెప్పేదానికంటే మనం నిజంగానే కాస్త ఎక్కువ ఎత్తులో ఉంటాం. పరికరంలో లోపమేమీ లేదు. గగనతలం హద్దులూ, కంట్రోలర్లు చూసే అంకెలూ వాయుపీడనం ఆధారంగా ఉన్నవే కనుక, స్థానిక పీడనానికి సరిగ్గా అమర్చిన ఆల్టీమీటర్‌నే పాటించాలి. తెర మీద జీపీఎస్ ఎత్తు కనిపించే గడిని నేను తీసేసి, ఆ చోట సమీప విమానాశ్రయం దూరాన్ని పెట్టుకుంటాను.

విద్యుత్తు గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. పాత సెస్నాల్లో 14 వోల్టులు, తరవాతి వాటిలో 28 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. సిగరెట్ లైటర్ సాకెట్ చూడడానికి రెండింటిలోనూ ఒక్కటే. కారు కోసం కొన్న చవక చార్జర్ 28 వోల్టులకు తట్టుకోలేకపోవచ్చు, తట్టుకున్నా రేడియోలో గరగర శబ్దం తెచ్చిపెట్టవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా, బలహీనంగా వినిపించే ఏదైనా ఏటిస్ స్టేషన్‌ను (విమానాశ్రయం వాతావరణ వివరాల రికార్డు ప్రసారం) పెట్టుకుని, చార్జర్‌ను ఒకసారి పెట్టి ఒకసారి తీసి వింటే సంగతి తెలిసిపోతుంది. బిగించే స్టాండును కూడా ఇలాగే విమానంలో కూర్చునే ఎంచుకోవాలి. యోక్‌ను ఒక చివర నుంచి మరో చివరకు పూర్తిగా తిప్పి, వెనక్కు మోకాళ్ల దాకా లాగి, వైర్లు ఎక్కడా చిక్కుకోవడం లేదని చూసుకోవాలి. అద్దానికి అతికించే రబ్బరు కప్పు ఎండకు మెత్తబడి ఊడిపోతుంది; పైగా బయటి విమానాలను వెతకవలసిన చోటును అది కప్పేస్తుంది.

గార్మిన్ పాత చేతి పరికరాలు జీపీఎస్‌మ్యాప్ 396, 496లు సెకండ్ హ్యాండ్‌లో కనబడుతుంటాయి. కుదుపుల్లో తెర మీద వేలు నిలవనప్పుడు బొత్తాలున్న ఆ పరికరాలు నిజంగా హాయి. అయితే డేటాబేస్ ఇంకా దొరుకుతోందా, బ్యాటరీ నిలుస్తోందా, 2019 ఏప్రిల్‌లో జీపీఎస్ వారాల లెక్క మళ్లీ సున్నాకు వచ్చిన తరవాత తేదీ సరిగ్గా చూపిస్తోందా అని చూసి తీసుకోవాలి.

ఎంత మంచి పరికరం కొన్నా సంకేతమే పోయే రోజు రావచ్చు. 2022 అక్టోబరులో డల్లాస్ పరిసరాల్లో జీపీఎస్ సంకేతాలకు అంతరాయం కలిగి, డీఎఫ్‌డబ్ల్యూలో ఒక రన్‌వేను మూసి, విమానాలను వేరే దారులకు మళ్లించవలసి వచ్చింది. దానికి మూలం ఏమిటో తేలలేదు. అలాంటప్పుడు ఐప్యాడ్, ఏరా రెండూ ఒకేసారి గుడ్డివవుతాయి. అందుకని నేను బోనమ్ వీఓఆర్ (దిశ తెలిపే, నేల మీది రేడియో కేంద్రం) పౌనఃపున్యాన్ని రెండో రేడియోలో పెట్టి ఉంచుతాను, కింద కనిపించే సరస్సులనూ హైవేలనూ చార్టుతో సరిపోల్చుకుంటూ పోతాను.

బడ్జెట్ తక్కువగా ఉన్నవాళ్లకు నా సలహా ఈ క్రమంలో ఉంటుంది. మొదట సెల్యులార్ ఐప్యాడ్ మినీ, మంచి స్టాండు, 28 వోల్టులకు తగిన చార్జర్. తరవాత కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక ఉన్న రిసీవర్. ఆ పైన, వేసవిలో కూడా దూర ప్రయాణాలు చేసే అలవాటు స్థిరపడినప్పుడు, ఏరా 660. విమానాశ్రయాలు, గగనతలం వివరాలున్న డేటాబేస్ 28 రోజులకొకసారి మారుతుంది, ఆ చందా ఖర్చును కూడా కొనే రోజే లెక్కలో వేసుకోవాలి. ఏది కొన్నా మొదటిసారి శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, ఆయన హఠాత్తుగా ఇంజిన్ తగ్గించినప్పుడు సమీప విమానాశ్రయం పేజీ ఎన్ని నొక్కులకు వస్తుందో చూడండి. రెండుకు మించితే సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని మొదటి తెర మీదకు తెచ్చుకోండి.