మైనస్ ఒకటి దగ్గర నా పరువు పోయింది

నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది, నోట్స్ ఓకే అని. డిగ్రీ పిల్లల కోసం తెలుగులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నోట్స్ రాసిస్తానని నల్లగొండలో ఒక కోచింగ్ సెంటర్‌కు ఒప్పుకున్నాను. శాంపిల్ చాప్టర్ ఇచ్చిన రోజే సరే అన్నారు. అడ్వాన్స్ కూడా అడగకుండానే ఇచ్చారు. వేరియబుల్స్, లూప్స్ అన్నీ ఒక్క వారంలో దాటిపోయాయి. ఆగింది ఒక్కచోటే, నెగటివ్ ఇండెక్స్ దగ్గర. లిస్టు అంటే వరుసగా పెట్టిన జాబితా, ఇండెక్స్ అంటే అందులో ఒక్కోదాని స్థానం నంబరు, సున్నాతో మొదలవుతుంది. ఆ నంబరు మైనస్‌లో ఇస్తే నెగటివ్ ఇండెక్స్.

నేను రాసిన వాక్యం ఇది: ‘నెగటివ్ ఇండెక్స్ ఇస్తే పైథాన్ లిస్టును వెనక నుంచి చదువుతుంది.’ చూడ్డానికి ముచ్చటగానే ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది.

అచ్చుకు ముందు డెమో క్లాసు పెట్టారు. రివ్యూ చేసే సారు చివరి బెంచీలో పెన్ను పట్టుకుని కూర్చున్నారు. పిల్లలకు తెలిసిన ఉదాహరణ కావాలని మన హైదరాబాద్ బస్సు రూటే తీసుకున్నాను. నల్లగొండ, నార్కెట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్, ఎల్బీనగర్, మొత్తం ఆరు. లిస్టుకు పేరు కూడా తెలుగులోనే పెట్టాను, స్టాపులు అని. పైథాన్ 3లో అది చక్కగా నడుస్తుంది, ఎంతమంది మాస్టార్లకు తెలుసో మరి.

స్టాపులు[-1] కొడితే ఎల్బీనగర్ వచ్చింది. అందరూ తలూపారు. తర్వాత ఆఖరి మూడూ ఇమ్మని స్టాపులు[-3:] కొట్టాను. చౌటుప్పల్, హయత్‌నగర్, ఎల్బీనగర్ అని వచ్చింది. రెండో వరుసలో ఒకమ్మాయి లేచింది. ‘సార్, వెనక నుంచి చదువుతది అన్నరు గదా, మరి ఎల్బీనగర్ మొదలు రావాలె గదా?’

నిజమే. లిస్టు తిరగబడదు. లెక్కపెట్టడం మాత్రమే చివరి నుంచి, తీయడం మామూలు వరుసలోనే. నేను రాసింది తప్పు. కంగారులో అక్కడికక్కడే సర్దబోయాను: ‘చదవడం కాదమ్మా, మైనస్ పక్కన ఎంత ఉంటే చివరి నుంచి అన్ని స్థానాలు ముందుకు.’ అంతే, ఇంకో కుర్రాడు అందుకున్నాడు. ‘చివరి నుంచి ఒకటి ముందుకంటే హయత్‌నగర్ గదా సార్? అయినా బస్సుల ముందుకంటే ఎల్బీనగర్ దిక్కా, నల్లగొండ దిక్కా?’

క్లాసంతా నవ్వు. నాకు చెమటలు పట్టాయి. మన ‘ముందు’ అనే మాటకు గడిచిపోయిందీ అర్థమే, రాబోయేదీ అర్థమే. ‘చివర’ అన్నా అంతే. ఆఖరి స్టాపా, అది దాటిన తర్వాత ఉండే కొసా? కొస నుంచి లెక్కపెడితే ఒక్క అడుగు వెనక్కి ఎల్బీనగర్, ఆఖరి స్టాపు నుంచి లెక్కపెడితే హయత్‌నగర్. ఇరవై ఏళ్లుగా వాడుతున్న మాటలే అక్కడ అడ్డం తిరిగాయి. అప్పుడు చివరి బెంచీ నుంచి సారు, పిల్లలందరి ముందే, ‘ఇది రాసింది మీరేనా?’ అన్నారు. ఆ గొంతు ఇంకా చెవుల్లో ఉంది.

మూడుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి, ‘మామూలుగా సున్నా నుంచి అన్నారు, ఇక్కడ ఒకటి నుంచి ఎందుకు?’ అని. మైనస్ సున్నా అన్నా సున్నాయే కాబట్టి అది మొదటిదానికే పోతుందని రాశాను. రెండోసారి, ‘అన్ని భాషల్లోనూ ఇంతే అని ఒక ముక్క చేర్చండి’ అన్నారు. ఇది మాత్రం చచ్చినా రాయనన్నాను. జావాస్క్రిప్ట్‌లో మామూలు బ్రాకెట్లలో -1 ఇస్తే అన్‌డిఫైన్డ్, అంటే విలువేమీ లేదని వస్తుంది, అందుకే 2022లో విడిగా ఎట్ అనే మెథడ్ తెచ్చారు. ఆర్ భాషలో -1 అంటే మొదటిదాన్ని తీసేయమని. సారుకు సీ భాష తప్ప ఇంకోటి రాదు, సీలో అసలు ఈ సౌకర్యమే లేదు! కోడ్ కొట్టి చూడని మనిషి చేతికి మాత్రం రివ్యూ ఇవ్వకండి.

మూడోసారి ముందు, వెనక, చివర అన్నీ కొట్టేసి కూడికగా రాశాను. ‘ఇండెక్స్ నెగటివ్ అయితే పైథాన్ దానికి లిస్టు పొడవు కలుపుతుంది. ఆరు స్టాపులుంటే -1 అంటే 5, -6 అంటే 0. -7 అడిగితే లెక్క -1కి పోతుంది, ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది.’ కిందే ఇంకో మాట: స్లైస్‌లో, అంటే [-3:] లాగా లిస్టులో ఒక ముక్క అడిగినప్పుడు మాత్రం హద్దు దాటినా ఎర్రర్ రాదు, ఉన్నంతవరకే ఇస్తుంది. స్టాపులు[-3:-1] అంటే 3 నుంచి 5 లోపు, కాబట్టి చౌటుప్పల్, హయత్‌నగర్ మాత్రమే. ఈ వాక్యాలు ఆ అమ్మాయికే చూపించాను ముందు. చదివి, ‘తెల్సింది సార్’ అంది. సారుకు పంపింది ఆ తర్వాతే.

ఇవాళ క్లాక్ టవర్ దగ్గర డీటీపీ షాపులో ప్రూఫ్ తీసుకున్నాను. మైనస్ గుర్తు ఒక లైను చివర ఉండిపోయి, ఒకటి కింది లైనులోకి దిగింది. చూసేవాళ్లకు అది ఉత్త ఒకటే. రేపు పొద్దున మళ్లీ పోవాలి.