జాయింట్ అకౌంట్ ఆపించాను, దాంతో ఈఎమ్ఐ కూడా ఆగింది

విడిపోదామని ఇద్దరం అనుకున్నాక కూడా నా జీతం పాత జాయింట్ అకౌంట్‌లోనే పడుతూ ఉండేది, మార్చాలన్న ఆలోచనే రాలేదు. ఒక నెల పాప స్కూల్ ఫీజు కడదామని చూస్తే పదకొండు వేలున్నాయి. అంతకు ముందు వారం నాలుగు లక్షల పైన ఉండేది. మా ఆయన షేర్ మార్కెట్ ఆప్షన్స్ ట్రేడింగ్‌లో పెట్టేశారు. అడిగితే "వచ్చే వారం తిరిగొస్తాయి" అన్నారు, నాలుగేళ్లుగా వింటున్న మాటే.

అమ్మ సర్దుకోమంది. నేను లాయర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. పెళ్లయిందని భర్త ఆస్తిలో సగం భార్యదో, భార్య ఆస్తిలో సగం భర్తదో అయిపోదట మన దగ్గర, ఎవరి పేరు మీద ఉంది, ఎవరి డబ్బుతో కొన్నారు అన్నదే చూస్తారట. కాబట్టి ముందు స్టేట్‌మెంట్లన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోమన్నారు. అకౌంట్‌లో మిగిలిందంతా మీరే లాగేస్తే రేపు జడ్జి ముందు ఆయనకీ మీకూ తేడా ఏముంటుందని కూడా అన్నారు, నిజానికి ఆ ముందు రాత్రి నేను చేద్దామనుకున్నది అదే.

ఆ రోజే హెచ్‌ఆర్‌కి కొత్త అకౌంట్ నంబర్ ఇచ్చాను. నా క్రెడిట్ కార్డు మీద ఆయనకున్న యాడ్-ఆన్ కార్డు యాప్‌లోనే బ్లాక్ చేశాను, రెండు నిమిషాల పని. అప్పటికే గీకిన 86 వేలు మాత్రం నేనే కట్టాను, కార్డు నాది కదా.

బ్యాంకు దగ్గర అంత తేలిగ్గా అవలేదు. మాది ఐదర్ ఆర్ సర్వైవర్ ఖాతా, అంటే ఒక్కరి సంతకంతో ఎవరైనా తీసుకోవచ్చు. గొడవ ఉందని ఇద్దరిలో ఒకరు రాసిస్తే, మళ్లీ ఇద్దరూ కలిసి చెప్పేదాకా ఆపుతారు. మేనేజర్ "సార్‌ని కూడా తీసుకురండి మేడమ్" అంటాడు, సార్ వస్తే ఈ లెటర్ ఎందుకు? చివరికి లాకర్ గురించి కూడా అందులోనే రాసి, కాపీ మీద స్టాంపు వేయించుకుని బయటపడ్డాను.

నేను మర్చిపోయిందేంటంటే ఇంటి లోన్ ఈఎమ్ఐ ఆ అకౌంట్ నుంచే కట్ అవుతుంది. ఐదో తారీఖున బౌన్స్ అయింది. లోన్‌లో ఇద్దరం ఉన్నాం కాబట్టి సిబిల్ స్కోరు ఇద్దరికీ దెబ్బే. పెనాల్టీతో సహా నేనే కట్టి, ఇకపై నా కొత్త అకౌంట్ నుంచి దానంతటదే కట్ అయ్యేలా మాండేట్ పెట్టించాను, దానికి ఇంకో మూడు వారాలు తిరిగాను. ఎవరైనా ఇలా ఆపిద్దామనుకుంటే ముందు ఆ అకౌంట్ మీద ఏమేం కట్ అవుతున్నాయో చూసుకోండి, కరెంటు బిల్లు దగ్గర్నుంచి.

ఆయన ఒప్పుకోకపోతే గృహహింస చట్టం సెక్షన్ 18 కింద జాయింట్ ఖాతా, లాకర్ ముట్టుకోకుండా మేజిస్ట్రేట్ ఆర్డర్ తెచ్చుకోవచ్చన్నారు మేడమ్. నాకు అంత దూరం వెళ్లాలనిపించలేదు. ఆ మాట ఆయన లాయర్ చెవిన పడ్డాక ఫోన్లలో గొంతు తగ్గిందనుకోండి. విడాకులకి పరస్పర అంగీకారంతోనే వేశాం, ట్రేడింగ్‌లో పోయిన నా డబ్బు ఫ్లాట్ లెక్కలో సర్దుతామని రాసుకున్నాం. లాకర్ ఇద్దరం కలిసి తెరిచాం, మా అమ్మ పెట్టిన నగలు బిల్లులతో సరిచూసి తెచ్చుకున్నాను.

జాయింట్ అకౌంట్ ఇంకా అలాగే ఉంది. అందులో 2,340 రూపాయలున్నాయి, మూయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలట.