ఫైలు పేరులోనే ఉంది

జావా ప్రోగ్రాములను మూటకట్టి ఇచ్చే జార్ ఫైలు మీద రెండుసార్లు నొక్కిన ప్రతిసారీ ఇన్‌స్టాలర్ రావడానికి బదులు, అది జిప్ ఫైలులా తెరుచుకుని లోపలి ఫోల్డర్లన్నీ తెర మీద పరుస్తుంటే, పక్కన కుర్చీలో కూర్చున్న మా అక్క కొడుకు నా ముఖం వైపు అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు.

హనుమకొండలోని మా ఇంటి డెస్క్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆట జావా ఎడిషన్‌కు, మాడ్లను (ఆటకు చేర్చుకునే అదనపు హంగులను) నడిపించే ఫోర్జ్ ఎక్కించడం పది నిమిషాల పనేనని పొద్దున వాడికి మాటిచ్చింది నేనే. ఆటతో పాటు వచ్చే జావాను, అంటే ఇలాంటి ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, ఆట మాత్రమే వాడుకుంటుందని, ఇన్‌స్టాలర్ నడవాలంటే కంప్యూటర్‌లో విడిగా జావా ఉండాలని నాకు గంట తర్వాత గానీ తట్టలేదు. ఆట 1.20.1 వెర్షన్‌కు సరిపడే జావా 17 వేశాక, 'ఇన్‌స్టాల్ క్లయింట్' అన్న వరుస ఉన్న చిన్న పెట్టె ఎట్టకేలకు తెరుచుకుంది. ఎండాకాలం మధ్యాహ్నం పోయిన కరెంటు వచ్చి ఫ్యాను తిరిగినంత సంతోషం కలిగింది.

అది ఎంతోసేపు నిలవలేదు. వాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న మినీమ్యాప్ (తెర మూలన చిన్న పటం చూపే మాడ్)ను మాడ్స్ ఫోల్డర్‌లో వేసి ఆట తెరిస్తే, ఈ ఫైలు ఫాబ్రిక్‌ది, ఇక్కడ నడవదన్న హెచ్చరిక వచ్చింది. ఫోర్జ్, ఫాబ్రిక్ రెండూ మాడ్ లోడర్లే అయినా ఒకదాని కోసం రాసిన మాడ్‌ను మరొకటి నేరుగా తీసుకోదని నాకు తెలుసు; తెలిసీ ఫైలు పేరు చదవలేదు.

"పేరులనే రాసున్నది గద మామా," అన్నాడు వాడు మెల్లగా.

ఫోర్జ్ కోసం చేసిన ఫైలు దించి వేసేసరికి రాత్రి పదకొండు దాటింది. తెర మూలన గుండ్రటి పటం కనిపించింది. వాడప్పటికే కుర్చీలోనే నిద్రపోయాడు.