గోధుమ మొలక కుళ్లు: తడి పాపమెంత, పిథియం పాపమెంత

మొదటి రోజు

గోధుమ గింజ మట్టిలోనే కుళ్లితే తప్పు తడిదా, పిథియం అనే నేలలోని సూక్ష్మజీవిదా తేల్చే పరీక్ష ఇది. 15 సెం.మీ. కుండీలు నాలుగు, అన్నింటికీ ఒకే చేని నల్లరేగడి. రెండింట్లో మామూలు మట్టి, రెండింట్లో పిథియం చచ్చేలా ఆవిరి పట్టిన మట్టి. ఒక్కో రకంలో ఒక కుండీ పదును మీద, రెండోది 2 సెం.మీ. నీళ్లున్న పళ్లెంలో. కుండీకి 25 గింజలు, 3 సెం.మీ. లోతు. పిడికిట పిసికితే ఉండ కట్టి, బొటనవేలితో నొక్కగానే విరిగితే అదే పదును.

ఆవిరి పట్టే ముందు మట్టి తడపాలి. థర్మామీటరు నడిమధ్యకు గుచ్చి, 65 డిగ్రీలు చేరాక 30 నిమిషాలు ఉంచితే చాలు. 80 దాటితే మాంగనీసు మోతాదు మించి విడుదలై మొలకకే చేటు. మామూలు మట్టి తగిలిన చెంచా ఆవిరి మట్టిలో పెట్టొద్దు. పోటీ సూక్ష్మజీవులు చచ్చిన మట్టిలో చిటికెడు పిథియం పడినా జోరుగా అల్లుకుంటుంది.

ఆవిరి పట్టి తడిలో ఉంచిన కుండీ వృథా అనిపిస్తుంది గానీ, అసలు కొలబద్ద అదే. గాలాడక చచ్చిన గింజ కూడా కుళ్లి కంపు కొడుతుంది. ఈ కుండీ లేకుంటే నింద మొత్తం పిథియం మీదే పడుతుంది.

మూడో రోజు

కుండీకి ఐదు గింజలు తవ్వి, మొలక వచ్చే కొసను భూతద్దంతో చూడాలి. గింజ నీరు పీల్చగానే చక్కెరలు బయటికి కారతాయి. వాటి జాడతో పిథియం గంటల్లోనే మేల్కొంటుంది, 48 గంటల్లోపే పిండంలోకి దిగగలదు. ఇది నిజమైన శిలీంధ్రం కాదు, ఊమైసీట్, అంటే శిలీంధ్రంలా కనిపించే వేరే జాతి జీవి. అందుకే శిలీంధ్రాల మందు కార్బెండజిమ్ పట్టించిన విత్తనం కూడా దీనికి చిక్కుతుంది, పనిచేసేది ఊమైసీట్ల మందు మెటలాక్సిల్.

పదో రోజు

మొలకలు లెక్కపెట్టి ఆగిపోవద్దు. మామూలు మట్టి పదును కుండీలో మొక్కలు లేచినా, మొదటి ఆకు పొట్టిగా దొన్నెలా ముడుచుకుందేమో చూడాలి. వేర్లు నీళ్లలో నానబెట్టి కడగాలి, లాగితే కొసలు తెగిపోతాయి. కాఫీ రంగు మెత్తటి కొసలు, పిల్లవేర్ల కొరత కనిపిస్తే తెగులు ఉన్నట్టే. పోల్చాల్సింది ఆవిరి మట్టి పదును కుండీతోనే.

తర్వాతి విడత

అవే నాలుగు కుండీలు, ఈసారి 10–15 డిగ్రీల చలిలో. థర్మాకోల్ పెట్టె, పొద్దునా సాయంత్రం మార్చే ఐసు సీసాలు. పాత విత్తనం ఒక వరుస, కొత్తది ఒక వరుస. చలికి మొలక ఆలస్యమై గింజ ఎక్కువసేపు దాడికి దొరుకుతుంది. పాత గింజ నుంచి చక్కెరలు ఇంకా ఎక్కువ కారతాయి.