కుట్టు పడని కోత

గట్టుప్పల చేనేత సంఘంలో ఇరవై ఎనిమిదేళ్లు లెక్కలు రాసిన నేను, తెల్ల నూలును పట్టుకొని ఇది పసుపు నూలని రంగులద్దే అతనితో తగువు పడిన రోజున గానీ నా కుడి కన్నును అనుమానించలేదు. 2023లో కంటి వెలుగు శిబిరం మా ఊరికి వచ్చినప్పుడే శుక్లం ముదురుతోందని చీటీ రాసి ఇచ్చారు. దాన్ని పద్దు పుస్తకంలో దాచి ఏడాదిన్నర గడిపాను.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో డాక్టరు నా కన్ను చూడకముందే కౌంటరు దగ్గర మూడు ధరల కాగితం ముందు పెట్టి, ఏ లెన్సు కావాలో చెప్పమన్నారు. కోత ఎంత, మసకబారిన కంటి లెన్సు నడిమి గింజను ఎలా తీస్తారని అడిగితే అంతా మిషనే చూసుకుంటుందన్నారు. ఆ జవాబు నాకు చాలక, నల్గొండలో మరో చోటికి వెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ కంటిపాప విప్పారే చుక్కలు వేయించి, స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష మిషన్‌లో చాలాసేపు చూసి, ‘‘పెద్దాయనా, మీ గింజ తేనె రంగు దాటి చింతపండు రంగుకు వచ్చింది’’ అన్నారు. ఫేకో పద్ధతిలో మూడు మిల్లీమీటర్లకు లోపు కోతతోనే గింజను అల్ట్రాసౌండ్‌తో పగలగొట్టి పీల్చేస్తారు గానీ, ఇంత గట్టిపడిన గింజకు ఎక్కువ శక్తి వాడవలసి వస్తుందని, దాని దెబ్బకు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, లోపలి కణాలు పోతే అవి మళ్లీ పుట్టవని వివరించారు. అందువల్ల గింజను పగలగొట్టకుండా మొత్తంగా బయటకు తీసే చేతి పద్ధతిని, అంటే ఎస్ఐసీఎస్‌ను, ఎంచుకున్నారు. అందులో కోత ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది. అయితే దాన్ని నల్లగుడ్డు మీద కాకుండా, కాస్త వెనుక తెల్లగుడ్డులో మొదలుపెట్టి, పొరల మధ్య సొరంగంలా ముందుకు తీసుకెళ్తారు. లోపలి ఒత్తిడికి ఆ సొరంగపు లోపలి అంచు తలుపులా తనంతట తానే మూసుకుంటుంది కనుక కుట్టు అక్కర్లేదు. నూలుతో బతికిన మనిషికి కుట్టు లేదంటే నమ్మకం కుదరడానికి కొంత సమయం పట్టింది.

నా అసలు కష్టం కంటిది కాదు, మెడది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా ప్రాంతంలో చాలామందికిలాగే నాకూ మెడ, నడుము బిగుసుకుపోయాయి. వెల్లకిలా పడుకుంటే తల బల్లకు ఆనదు. మెడ కింద చుట్టిన తువ్వాలు, మోకాళ్ల కింద దిండు పెట్టి, బల్లను రెండుసార్లు వంచి చూసిన తర్వాతే నన్ను కదలకుండా ఉండమన్నారు. కంటి పక్కన ఇచ్చిన సూది మండింది. ఆపై కన్ను బరువెక్కి, నాది కానట్టు అయింది. గుడ్డ కప్పాక కనిపించినదల్లా వెలుతురు, అందులో కదిలే నీడలు. ఒక దశలో పెద్ద నీడ ఒకటి పక్కకు జరిగిపోయి, నీటి అడుగు నుంచి చూస్తున్నట్టు వెలుగు పరచుకుంది. ‘‘గింజ వచ్చేసింది, ఇక లెన్సే’’ అన్న మాట వినబడింది. నాకు పెట్టినది మడత పడని గట్టి లెన్సు. 1949లో హెరాల్డ్ రిడ్లీ అనే బ్రిటిష్ డాక్టరు, యుద్ధంలో పైలట్ల కళ్లలోకి దూసుకుపోయిన విమాన అద్దాల ముక్కలను కన్ను పెద్దగా తిరస్కరించకపోవడం గుర్తించి, అలాంటి యాక్రిలిక్‌తోనే మొదటి లెన్సు చేయించారట. ఇది ఆ వంశానిదే.

మర్నాడు పట్టీ తీయగానే మొదట కనిపించినది నర్సమ్మ చీర నీలం. అంతటి నీలం ఉంటుందని మరిచిపోయాను. చుక్కలు మొదటి వారం రోజుకు ఆరుసార్లు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున తగ్గించాలి. మా ఇంటామె తలుపు మీద బొగ్గుతో ఆరు గీతలు గీసి, వేసినప్పుడల్లా ఒకటి చెరిపేది. నలభై ఐదు రోజులకు అద్దాలు రాశారు. పెద్ద కోత వల్ల కొద్దిగా సిలిండర్ పవర్, అంటే ఒక దిశలో చూపు మసకేసే లోపం, మిగిలిందని డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. దగ్గరి చదువుకు ఎలాగూ అద్దాలు కావాలి.

ఇప్పుడు ఎడమ కన్ను మూసి చూస్తే నూలు తెల్లగా, కుడి కన్ను మూసి చూస్తే చాయ్‌లో ముంచినట్టు ఉంటుంది. ఎడమ గింజ ఇంకా తేనె రంగులోనే ఉంది కాబట్టి దానికి ఫేకోనే మేలన్నారు. దసరా గిరాకీ అయిపోగానే రమ్మని తేదీ ఇచ్చారు. ఈసారి చీటీని జేబులోనే పెట్టుకున్నాను. రంగులద్దే అతనికి మాత్రం ఇంకా క్షమాపణ చెప్పలేదు.