అధికారం ఇచ్చారు, ఊపిరి తీసుకునే వీలేది?

నిర్ణయాలు బడి స్థాయిలోనే జరగాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. 1989లో న్యూజిలాండ్ ప్రతి ప్రభుత్వ బడికీ ఎన్నికైన బోర్డును ఇచ్చి నిర్వహణ నిధులు, నియామకాలు దాని చేతిలో పెట్టింది. మంచి ఆలోచనే. కానీ ఇలాంటిచోట ఆ చాకిరీ అంతా చివరికి ప్రిన్సిపాల్ నెత్తినే పడుతుంది.

నిన్న సాయంత్రం మా ప్రిన్సిపాల్ మేడమ్ మరుగుదొడ్ల రిపేరు కొటేషన్లు ముందేసుకుని, ఫోన్లో ఓ పిల్లాడి తల్లికి సర్దిచెబుతున్నారు. గొంతు బొంగురుపోయింది. నా క్లాసుకి వచ్చి పాఠం చూస్తానన్న మాట ఈ వారం కూడా కుదర్లేదు. ఆవిడ టెన్షన్ మా స్టాఫ్ రూమ్‌లోకి, అక్కణ్ణుంచి పిల్లల దాకా పాకుతోంది.

ప్రిన్సిపాళ్ల ఒత్తిడి తగ్గించడానికి యోగా క్లాసులు వద్దు. లెక్కలు చూసే గుమాస్తాని ఇవ్వండి. సాటి ప్రిన్సిపాళ్లతో నెలకోసారి మనసు విప్పి మాట్లాడుకునే వీలు కల్పించండి.